ఆ ఇంటికి ముందే పోయిన పిల్ల

తలుపు చప్పుడు దగ్గర లైబాను వారం రోజులుగా నిలబెట్టే ఉంచాం, పాపం. ఇక తీయనిద్దాం. కాకపోతే ఈ వారమే మన వెంట నడవడం మొదలుపెట్టిన వాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

లైబాది బోధన్. డిగ్రీ ఆఖరి ఏడు. జపాన్ బొమ్మల కథలంటే ప్రాణం. కాగితం మీద ఉంటే మాంగా, తెర మీద కదిలితే అనిమే. వాటి కబుర్లు తెలుగులో చెప్పే పేజీ ఒకటి నడుపుతుంది, పేరు 'మాంగా ముచ్చట'. ఆ లోకంలో పుకార్లకు కొదవలేదు. ఫలానా కథ ఆగిపోయిందట, ఫలానా చిత్రకారుడు పోయాడట, ఫలానా సినిమా శుక్రవారం నిజామాబాద్‌కే వస్తోందట! అందుకని లైబా తన పేజీకి ఒక కట్టుబాటు పెట్టుకుంది. నిఖాకు ఇద్దరు గవాలు ఉన్నట్టే ప్రతి వార్తకూ ఇద్దరు సాక్షులు ఉండాలి. రెండు వేర్వేరు సైట్లు ఒకే మాట చెబితేనే పేజీలో పెడుతుంది. ఏర్గట్ల నుంచి వర్ని దాకా పిల్లలు "లైబక్క చెప్పిందంటే పక్కా" అనుకునేది అందుకే.

ఆ నమ్మకంతోనే జ్యోతిరాణి ఒక పోటీకి తన బొమ్మలు పంపింది. వర్ని పక్క పల్లెటూరి పిల్ల. నిజామాబాద్‌లో ఒక ఫ్లెక్స్ షాపులో పని. లీడర్ల పుట్టినరోజు బ్యానర్లలో వాళ్ళ మొహాలు తెల్లగా చేయడం ఉద్యోగం, తీరిక దొరికితే చనిపోయిన తన బాపమ్మ నాగవ్వను గీసుకోవడం సంతోషం. నాగవ్వ పుట్టిల్లు పోచంపాడ్ డ్యాం నీళ్ళలో మునిగిపోయింది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడల్లా ఆ ఇంటి గడప కోసం బురదలో నడుచుకుంటూ వెతికే ముసలమ్మ కథను జ్యోతిరాణి మాంగాగా గీసింది. టోక్యోలో ఒక పెద్ద ప్రచురణ సంస్థ విదేశీయుల కోసం పోటీ పెట్టిందని లైబా పేజీలో చదివి పంపింది. గెలిచింది కూడా. ఇవాళ సాయంత్రంలోగా వాళ్ళ ఒప్పందం కింద 'ఒప్పుకుంటున్నాను' అన్న బటన్ నొక్కాలి. నొక్కితే నాగవ్వ మొహం, పేరు, నడక, కథ అన్నీ వాళ్ళ సొత్తు.

పోయిన భాగం చివర్లో ఎవరో పేజీలో అడిగారు, ఆ ప్రచురణ సంస్థ సొంత సైట్‌లో పోటీ వివరాలు ఎక్కడున్నాయి అక్కా అని. లైబా వెతికింది. లేవు. జపాన్ లిపిలో పేరు పెట్టి వెతికింది. అక్కడా లేవు. తన ఇద్దరు సాక్షులను మళ్ళీ తిరగేసింది. ఒకటి అనిమే వార్తల సైటు, రెండోది అభిమానులు రాసే విజ్ఞాన సర్వస్వం. రెండింటి అడుగునా ఒకటే ఈమెయిల్ చిరునామా, పోటీ పెట్టిన వాళ్ళది. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

లైబా తలుపు తీసింది. ఎదురుగా జ్యోతిరాణి, చేతిలో పేడాల డబ్బా, తలలో కనకాంబరాలు, మొహం నిండా నవ్వు.

"ఏమే, దయ్యాన్ని చూసినట్టు చూస్తవేంది? లోపలికి రమ్మనవా?"

రమ్మనకపోయినా ఆగే రకం కాదు కాబట్టి జ్యోతిరాణి చెప్పులు విడిచి నేరుగా లోపలికి వచ్చేసింది. నడవలో చాప మీద సాలేహా ఫుప్పూ చింతపండు గింజలు తీస్తోంది. ఫుప్పూ అంటే మేనత్త. బోధన్‌లో సగం ముస్లిం ఇళ్ళకు సంబంధాలు కుదిర్చిన మనిషి ఈమె. తన సొంత పెళ్ళికి మాత్రం ముందూ వెనకా ఎవరినీ అడగలేదని ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

"ఫుప్పూ, నోరు తెరువు," అని జ్యోతిరాణి ఒక పేడా ఆమె నోట్లో పెట్టింది. "నేను జపాన్ల గెలిచిన."

"మాషా అల్లాహ్! జపాన్ల ఏం గెలిచినవ్ బేటీ, కుస్తీనా?"

జ్యోతిరాణి పకపకా నవ్వి ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. వర్ని చౌరస్తాలో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్స్. 'జపాన్ మెచ్చిన మన ఆడబిడ్డకు శుభాకాంక్షలు'. నడిమధ్యన జ్యోతిరాణి, ఒక మూలన ఆమె తండ్రి పోశన్న, కింద వరసలో ఈ విషయంతో ఏ సంబంధమూ లేని పదిమంది లీడర్లు.

"మా షాపు రామ్‌దాస్ సేటు కొట్టించిండు. నాకు చెప్పకుంట రాత్రికి రాత్రి కట్టిచ్చిండు. బాపు అయితే పొద్దుగాల సంది గక్కడనే నిలబడ్డడు. బస్సు దిగినోళ్ళకల్ల చూపిస్తుండు." మాట ఆపి లైబా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పకపోతే గీ పోటీ ఉన్నదని నాకెట్ల ఎర్క? అందుకే ఇంట్ల నొక్కలే. నీ ముంగట నొక్కుదమని వచ్చిన."

ఇంత ప్రేమగా వచ్చిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి? లైబాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే చెప్పలేనని తెలిసి గబగబా చెప్పేసింది.

"నొక్కకు జ్యోతీ. గది మోసమనిపిస్తుంది నాకు."

జ్యోతిరాణి నవ్వు వెంటనే పోలేదు. హాస్యమనుకుంది. లైబా మొహం చూశాక మెల్లగా పోయింది.

"ఏం మాట్లాడుతున్నవ్?"

లైబా లాప్‌టాప్ తెచ్చి చాప మీద పెట్టి ఒక్కొక్కటీ చూపించింది. ప్రచురణ సంస్థ అసలు సైటు ఇది, ఇందులో వాళ్ళు పెట్టిన పోటీలన్నీ ఉన్నాయి, ఇది లేదు. పోటీ సైటు ఇది, పేరు ఆ సంస్థదే కానీ చిరునామా వేరే. వార్తల సైటులో వచ్చింది వాళ్ళు విచారించి రాసింది కాదు, పోటీ వాళ్ళు పంపిన ప్రకటనే అచ్చంగా వేశారు. ఇక విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా రాయొచ్చు. ఆ పేజీ మొత్తం ఒక్కరే రాశారు, ఆధారంగా ఆ వార్తనే చూపించారు.

"రెండు నోర్లు అనుకున్న. మాట ఒక్కల్లదే," అంది లైబా. "నేను సైట్లు లెక్కబెట్టిన గని, వాళ్ళకెవలు చెప్పిండ్రో చూడలే. తప్పు నాదే."

జ్యోతిరాణి లాప్‌టాప్ వైపు చూడటం మానేసింది.

"ఇద్దరు గవాలు దొరికిండ్రని రాసింది నువ్వే కదా?"

"నేనే."

"అప్పుడు నిజమే. నేను గెలిచినంక అబద్ధమైంది. అంతేనా?"

"జ్యోతీ..."

"గింత పెద్ద పోటీ, నా అసొంటి ఫ్లెక్స్ షాపు పిల్లకు ఎట్లొస్తదని అనుమానం వచ్చింది నీకు. వేరేటోళ్ళకు వస్తే గిట్ల వెతుకుదువా?" ఫోన్‌లో ఫ్లెక్స్ ఫోటో మళ్ళీ చూపించింది. "ఊరంత ఫ్లెక్స్ కట్టినంక చెప్తున్నవ్. మా బాపుకు పోయి ఏం చెప్పాలె నేను?"

ఆ మాటల్లో సగం అన్యాయం, సగం న్యాయం. న్యాయమైన సగమే లైబాకు ఎక్కువ గుచ్చుకుంది.

వీళ్ళ లొల్లి చాలాసేపటి నుంచి వింటున్న సాలేహా ఫుప్పూ గింజలు తీయడం ఆపింది. "ఆగుండ్రి ఆగుండ్రి. గవాలంటున్నరు, నిఖా అంటున్నరు. ఎవరి నిఖా? నాకు చెప్పకుంట?"

లైబా తన కట్టుబాటు గురించి చెప్పింది. నిఖాకు ఇద్దరు సాక్షులు చాలు కదా, అందుకే వార్తకూ ఇద్దరు చాలనుకున్నానని చెప్పింది. ఫుప్పూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పిచ్చిపిల్లా, ఇద్దరు గవాలు నిఖాకు సాలు, రిష్తా కుదుర్చనీకె సాలరు. నిఖాల గవాలు ఏం జేస్తరు? పిల్ల ఖుబూల్, ఒప్పుకున్న అన్నదా లేదా, గదే ఇంటరు. పిలగాడు తాగుతడా, అత్త కొడతదా, గవన్నీ గవాలు చెప్తరా? వాళ్ళు బిర్యానీ తిని పోతరు."

"మరి రిష్తాకు ఎవర్ని అడుగుతవ్ ఫుప్పూ?" అడిగింది లైబా, అడగకపోతే బాగుండదని.

"పిలగాని దోస్తుల్ని అడగ. ఇంటి పక్కోళ్ళను గూడ అడగ, వాళ్ళ ఛాయ్ తాగి వాళ్ళ మాటే చెప్తరు. ఆ ఇంటికి ముందే పోయిన పిల్ల ఒకతి ఉంటది గద? పెద్దకోడలు. ఆమె పుట్టింటికొచ్చినప్పుడు పోయి కూసుంట. ఏం అడగ గూడ. మీ అత్తగారిల్లు ఎట్లుంది బేటీ అంట, ఆమె మొఖం సూస్త." మళ్ళీ చింతపండు అందుకుంది. "మీ కంప్యూటర్ల గవన్నీ ఉంటయో లేదో నాకేం తెలుస్తది."

లైబా ఏదో అనబోయింది గానీ జ్యోతిరాణే ముందు మాట్లాడింది. కళ్ళు తుడుచుకుంటూ, కోపం ఇంకా తగ్గకుండానే.

"పోయినేడు గెలిచినామె ఉన్నది గద. సైట్‌ల ఫోటో పెట్టిండ్రు. ఆమెనే అడుగుదం. ఆమె మంచోళ్ళే అన్నదనుకో, నేను నొక్కుత. నువ్వు నాకు మాఫీ చెప్పాలె."

"చెవులు పట్టుకొని చెప్త," అంది లైబా. నిజంగానే చెప్పాలని ఉంది ఆమెకు. తను తప్పని తేలితే ఇవాళ అంతకంటే సంతోషం లేదు.

పోటీ సైటులో పోయినేటి విజేత బొమ్మ ఉంది, కలం పేరు ఉంది, ఆమెను చేరుకునే దారి మాత్రం లేదు. లైబా ఆ బొమ్మను పట్టుకుని నెట్‌లో అలాంటివే వెతికింది. కాసేపటికి ఒక ఖాతా దొరికింది. మనీలా అమ్మాయి, పెళ్ళిళ్ళకు జంటల బొమ్మలు గీసి అమ్ముతుంది. సంతకం అదే, గీత అదే. అయినా లైబా వెంటనే నమ్మలేదు. ఈ ఖాతా కూడా వాళ్ళే పెట్టి ఉండొచ్చు కదా? వెనక్కి వెనక్కి పోయి చూసింది. పోటీ అనేది పుట్టకముందు నుంచీ ఆ అమ్మాయి బొమ్మలు ఉన్నాయి. చేతకాని రోజుల్లో గీసిన వంకర చేతులు కూడా ఉన్నాయి. ఏదో ప్రదర్శనలో ఆమె బల్ల ముందు నిలబడి తీసుకున్న ఫోటోలు ఇతరులు పెట్టారు. ఎంతమంది చెబుతున్నారని కాకుండా, చెప్పేది ఎవరు, ఎప్పటి నుంచి ఉన్నారు, చెబితే వాళ్ళకేం లాభం అని లైబా చూడటం అదే మొదటిసారి.

"మనిషి నిజమైనదే," అంది. "ఏం రాయాలె?"

"ఫుప్పూ అన్నట్టే రాయి. ఎట్లున్నరు వాళ్ళు అని."

ముందు అభినందనలు చెప్పి, తన స్నేహితురాలు ఈ ఏడు గెలిచిందనీ, వాళ్ళు ఎలాంటి వాళ్ళనీ లైబా రాసి పంపింది. ఫుప్పూ లేచి ఛాయ్ పెట్టింది. పేడాల డబ్బా మూత తెరిచి మధ్యలో పెట్టుకున్నారు గానీ ఎవరూ ముట్టలేదు. స్నేహితురాళ్ళిద్దరూ ఒకే చాప మీద రెండు ఊళ్ళలో ఉన్నట్టు కూర్చున్నారు.

జ్యోతిరాణి ఫోన్ మోగింది. పోశన్న. బయట బస్సుల హారన్లు, ఆయన గొంతులో ఉత్సాహం, రెండూ నడవంతా వినిపించాయి.

"అయిపోయిందా బిడ్డా?"

"ఇంక కాలే బాపు. లైబా దగ్గరనే ఉన్న."

"మంచిగ సదివి నొక్కు. లైబా బిడ్డను గూడ సదవమను. ఆమె సదివితే నాకు బుగులు లేదు." అంతలోనే గొంతు పెంచాడు. "మా అవ్వ పేరు జపాన్ల సదువుతరంటే ఎవ్వలు నమ్ముతలేరే ఈడ. నమ్మకపోతే నమ్మకుండ్రి, ఫ్లెక్స్ సూడుండ్రి అన్న."

"సరే బాపు," అని పెట్టేసింది. తర్వాత ఆ ఫోన్‌ను బోర్లా తిప్పి చాప మీద ఉంచింది. లైబా తల దించుకుంది. తిట్టి ఉంటే తట్టుకునేది. ఆ నమ్మకాన్ని తట్టుకోవడమే కష్టంగా ఉంది.

ఛాయ్ చల్లారే వేళకు మనీలా నుంచి జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని లైబా తెలుగులో చదివింది.

'అభినందనలకు కృతజ్ఞతలు. వాళ్ళు ఎలాంటి వాళ్ళని అడిగారు. ఏం చెప్పను? గెలిచాక నా కథ మళ్ళీ నా చేతికి రాలేదు. ఇప్పుడు వాళ్ళు పంపే బొమ్మలు తిరిగి గీసి ఇస్తుంటాను. మీ స్నేహితురాలి కథ ఏమిటి?'

"గెలిచినామెతోని వేరేటోళ్ళ బొమ్మలు గీపిస్తరా?" జ్యోతిరాణి గొంతులో ఇప్పుడు కోపం లేదు. "చెప్పు. నీళ్ళల్ల మునిగిన ఊర్ల తన ఇంటి గడప దేవులాడే ముసలమ్మ కథ అని చెప్పు."

లైబా రాసింది. అవతల ఏదో రాస్తున్నట్టు చుక్కలు కనిపించాయి. ఆగిపోయాయి. మళ్ళీ కనిపించాయి. చివరికి మాటలేవీ రాలేదు, ఒక బొమ్మ వచ్చింది.

నెర్రెలు విచ్చిన చెరువు అడుగున నడుస్తున్న ఆడమనిషి. కళ్ళు ఇంతింత పెద్దవి చేశారు. మొహం మీద ముడతలు తీసేశారు. జ్యోతిరాణి గీసిన గోచీ చీర పోయి ఏదో పొడుగాటి గౌను వచ్చింది. ముంజేతి మీద పచ్చబొట్టు లేదు. కానీ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తూ, తల ముందుకు వంచి నడిచే ఆ నడక మాత్రం అలాగే ఉంది.

జ్యోతిరాణి లాప్‌టాప్‌ను ఒళ్ళోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"మా బాపమ్మ నడక," అంది. "కాలు ఇరిగినంక గిట్లనే నడిచేది. గీ నడక గీయనీకే నాకు ఎండాకాలమంత పట్టింది. లైబా, నేనింక నొక్కనే లేదు గదనే?"

అంతే, పెద్దగా ఏడ్చేసింది. గెలుపు పోయిందని కాదు. ఊళ్ళో నవ్వుతారనీ కాదు. బతికినన్నాళ్ళూ ఇల్లు వెతుక్కున్న మనిషిని చచ్చాక కూడా ఎవరో ఎత్తుకుపోయారే అని ఏడ్చింది. లైబా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తోసేస్తుందేమోనని భయపడుతూనే వేసింది. జ్యోతిరాణి తోసేయలేదు. సాలేహా ఫుప్పూ ఏమీ అడగకుండా వచ్చి ఆమె తల తన ఒడిలోకి తీసుకుంది. చింతపండు చేతులతో జుట్టు తాకకూడదని మోచేత్తో దగ్గరికి హత్తుకుంది.

లాప్‌టాప్‌లో మరో సందేశం వచ్చింది. లైబా మనసులో చదువుకుంది. తర్వాత పైకి చదివింది, మెల్లగా, ఏ మాటా వదలకుండా.

'మీ స్నేహితురాలికి చదివి వినిపించండి. ఈ ముసలమ్మ నీదని నీ కథ వినేదాకా నాకు తెలియదు. అసలు చిత్రకారిణి మానేసింది, నువ్వు పూర్తి చేయి అన్నారు. నమ్మాను. రేపు మధ్యాహ్నం మొదటి భాగం బయటికి వస్తోంది. గీసింది నేనని నా పేరే వేశారు. నీ బొమ్మలు నాకు వాళ్ళు పంపిన మెయిల్ నా దగ్గర ఉంది. అందరి ముందూ నిజం చెప్పగలను. చెబితే ఈ పని పోతుంది. మా అమ్మ డయాలసిస్ ఈ పని మీదే నడుస్తోంది. అయినా నువ్వు అడిగితే చెబుతాను. అడుగుతావా?'

లైబా వేళ్ళు అప్పటికే కీబోర్డు మీదికి వెళ్ళాయి. "అడుగుదం జ్యోతీ! ఇంతకన్న గట్టి సాక్షి మనకు దొరకది. రేపు మధ్యాహ్నం దాటితే మీ బాపమ్మ ఆమెదైపోతది. మనం ఎన్ని చెప్పినా ఎవ్వలు నమ్మరు. అవునని రాసేస్తున్న."

జ్యోతిరాణి ఫుప్పూ ఒడిలోంచి లేచి లైబా మణికట్టు పట్టుకుంది. మొహం ఇంకా తడిగానే ఉంది, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"ఆగు. ముందు వాళ్ళమ్మకు ఎట్లుందో అడుగు."